క్యాంటీన్ సత్తెమ్మ ఇచ్చిన పర్మిషన్

పటాన్‌చెరులో మా ఫ్యాక్టరీకి ఒక వెబ్‌సైట్ తయారుచేస్తున్నాను. అందులో ఎవరు ఏ పేజీ చూడాలి, ఎవరు ఏది మార్చాలి అని పర్మిషన్లు పెట్టడం ఈ రోజే నేర్చుకున్నాను. క్యాంటీన్ సత్తెమ్మకు రోజూ మెనూ ఎక్కించడానికి ఒక లాగిన్ ఉంది. ప్రాక్టీసు కోసం ఆమెను అడ్మిన్ చేశాను, అంటే అందరికీ పర్మిషన్లు ఇచ్చే, తీసే అధికారం ఇచ్చాను. మళ్లీ తీసేయబోయి పై వరుసలో టిక్కు తీసేశాను. ఆ వరుసలో ఉన్నది నా పేరు!

ఇక సైట్ మొత్తానికి సత్తెమ్మ ఒక్కతే అడ్మిన్. ఆమె పాస్‌వర్డ్ ఆమెకే తెలుసు. ఎవరికీ చెప్పొద్దని నేర్పింది నేనే. పైగా మధ్యాహ్నం టోకెన్ మర్చిపోయానని నాకు అన్నం పెట్టకుండా వెనక్కి పంపిన మనిషి ఆమె. అయినా వెళ్లి బతిమాలి తీసుకొచ్చాను. లాగిన్ అయ్యింది. నా పేరు పక్కన ఉన్న గళ్లన్నీ చూపించాను.

"అన్నిటికీ టిక్కు పెట్టెయ్ సత్తెమ్మక్కా."

"అన్నెందుకు సారూ? నీ పనేందో చెప్పు, గంతవరకే ఇస్త."

పొద్దున నేను చదివిన పాఠంలో మొదటి మాట సరిగ్గా ఇదే! పేజీలు మార్చడమే నా పని అని చెప్పాను. ఆ ఒక్కదానికే టిక్కు పెట్టి, "రేపు టోకెన్ మర్వకు" అని వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆమెను అడ్మిన్‌గా తీసేయాలి. అందుకు ఆమె పర్మిషనే కావాలి. నిజం చెప్పాలంటే, నా దగ్గరకంటే ఆమె దగ్గరుంటేనే సైట్ భద్రంగా ఉండేట్టుంది. మీరైతే తీసేస్తారా?