అమ్మ కంటి చుక్కల పంపకం

మా అమ్మకు నిరుడు ఎవరో దానం చేసిన కార్నియా, అంటే కంటి ముందు పొర, ఆపరేషన్ చేసి వేశారు. ఈ రోజు ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సులో తీసుకెళ్లి కంటి ఆసుపత్రిలో చూపించాను. డాక్టరమ్మ పరీక్ష చేసి మొహం చిట్లించింది.

"కంట్లో ప్రెషర్ బాగా పెరిగింది. ఈ ఆపరేషన్ తర్వాత కొందరికి గ్లకోమా వస్తది, అందుకే చుక్కలు రాసిన. రోజూ వేస్తలేరా?"

నాకు ఒళ్లు మండింది. నెలనెలా సీసా తెచ్చిపెడుతున్నది నేనే కదా! "మందంతా ఏం జేసినవ్ అవ్వా?" అని అమ్మను నిలదీశాను.

"బీడీలు చుట్టేకాడ లచ్చవ్వ కండ్లు మండుతున్నయన్నది, ఆమెకింత ఏసిన. రాజవ్వకింత ఏసిన. నాకు లేకుంటే ఊకున్న కొడుకా."

డాక్టరమ్మ తల పట్టుకుంది. "నీ మందు వాళ్లకు పడదు అవ్వా. వేసుకోకుంటే నీకు ఉన్న చూపు పోతది!"

అమ్మ తగ్గలేదు. "ఎవలో పుణ్యాత్ములు నాకు కన్నే ఇచ్చిపోయిన్రు. నేను చుక్క మందు ఇయ్యద్దా?"

డాక్టరమ్మ మళ్లీ అవే చుక్కలు రాసిచ్చింది. కొత్త సీసాను బీరువాలో పెట్టి తాళం వేద్దామనుకుంటూ ఇంటికొచ్చాను. అరుగు మీద లచ్చవ్వ, రాజవ్వ కూర్చుని ఉన్నారు. నా చేతిలో సీసా చూడగానే ఇద్దరూ కొంగుతో కళ్లు తుడుచుకుని తలలు పైకెత్తారు.

వాళ్లను ఏమని చెప్పి లేపాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఇంకా అలాగే కూర్చున్నారు.