గాలి గుడారానికి రెండు మూరల కుట్టు

అది 2023 డిసెంబర్. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో లైనుకు రెండు సందులు లోపల మాకు చిన్న దుకాణం ఉంది. మా ఆయన మొదట్లో కోచింగ్ హాస్టళ్లలో ఉండేవాళ్ల బ్యాగులకు జిప్పులు వేసేవారు, రెయిన్‌కోట్లు అతికేవారు. ఒంగోలు నుంచి పెళ్లయి వచ్చిన నేను ఆయన పక్కన కుట్టుమిషన్ ముందు కూర్చోవడంతో మొదలుపెట్టి, ట్రెకింగ్ వాళ్ల టెంట్లు బాగుచేసేదాకా వచ్చాను. ఇప్పుడు ముందు భాగం ఆయన చూసుకుంటారు. టెంట్లు కిరాయికివ్వడం, తిరిగొచ్చాక పరీక్షించడం నా పని.

మా దగ్గరున్న టెంట్లలో నాకు బాగా ఇష్టమైనది ఒక పెద్ద గాలి గుడారం. దానికి ఇనప కడ్డీలుండవు. ఎయిర్ బీమ్ అనే లావుపాటి గొట్టాలుంటాయి. పంపుతో గాలి కొడితే పది నిమిషాల్లో అవే స్తంభాల్లా నిలబడి గుడారాన్ని ఎత్తుతాయి. గుడ్డ మందం, గాలివానకు చలించదు, ఆరుగురు హాయిగా పడుకోవచ్చు. చలి ప్రాంతాలకు వెళ్లేవాళ్లు దాన్నే అడుగుతారు. పైభాగంలో రెండు పక్కలా వెంట్లు, అంటే వలగుడ్డ కుట్టిన చిన్న కిటికీలు ఉంటాయి. మనుషుల ఊపిరిలోని చెమ్మ, వేడి వాటిలోంచే బయటికి పోవాలి. అవి మూస్తే పొద్దున్నే లోపలి గోడలన్నీ నీళ్లు కారతాయి. అప్పుడు జనం వచ్చి టెంటు కారుతోందని గొడవ పెట్టుకుంటారు.

కిరాయికిచ్చే పనిలో ఉన్నవాళ్లకు అనుమానం ఒంట్లో భాగమైపోతుంది. చినిగిన చోట బురద పూసి తెచ్చేవాళ్లను చూశాను. ఒక పెద్దమనిషి వేరే పాత పంపు ఇచ్చి మాది ఉంచేసుకున్నాడు. అందుకే తిరిగొచ్చిన ప్రతి టెంటునూ మేడ మీద నిలబెట్టి, లోపలికెళ్లి, మోకాళ్ల మీద పాకుతూ మూల మూలా చూస్తాను.

యాదగిరి ఆ నెల మొదట్లో వచ్చాడు. నల్గొండ దగ్గరి మనిషి, నలభై దాటి ఉంటాయి, ఎల్‌బీ నగర్‌లో ఉంటాడు. టెంపో ట్రావెలర్ నడుపుతాడు. లంబసింగి వైపు కొండలకు చలికాలం మనుషులను తీసుకుపోయి, రెండు రాత్రులు టెంట్లలో ఉంచి, వంట చేసి పెట్టి తీసుకొస్తానన్నాడు.

"వంట ఎవరు చేస్తారండీ?" అని అడిగాను.

"మా ఇంటామె సైదమ్మ ఒస్తది మేడం. ఆమె చెయ్యి పడ్డంక మళ్ల మళ్ల అడుగుతరు."

మాట మర్యాదగా ఉంది. కాగితాలన్నీ ఇచ్చాడు. పెద్ద గుడారం పట్టుకెళ్లాడు.

మొదటిసారి తిరిగొచ్చినప్పుడు వెంట్ల చుట్టూ వేలికి జిగురు తగిలింది. ఎవరో లోపలినుంచి వెడల్పాటి టేపు వేసి, మళ్లీ పీకేశారు. అడిగితే, "చలి ఎక్కువుండె మేడం, గాలి రాకుండ ఏసినం" అన్నాడు. ఇంకోసారి వేయొద్దు, చెమ్మ పడుతుందని చెప్పి వదిలేశాను. చెమ్మ సంగతి తప్ప ఇంకేం చెప్పలేదు. అది ఇప్పటికీ గుర్తొస్తుంది.

డిసెంబర్ చివర్లో రెండోసారి తీసుకెళ్లాడు. ఈసారి తెచ్చిచ్చినప్పుడు మనిషి ముఖం ఎత్తలేదు. ఎప్పుడూ టీ తాగి, మా ఆయనతో కాసేపు రోడ్ల గురించి మాట్లాడి పోయేవాడు, ఆరోజు బ్యాగు బల్ల మీద పెట్టి, "మంచిగ చూస్కోండ్రి మేడం, జర పనుంది" అని వెళ్లిపోయాడు.

మేడ మీద గాలి కొట్టి లోపలికి అడుగు పెట్టగానే అగరుబత్తి వాసన గుప్పున కొట్టింది. ఒకటి రెండు కాదు, కట్టలకు కట్టలు వెలిగించినట్టుంది. వెంట్ల మీద మళ్లీ టేపు జిగురు. గ్రౌండ్‌షీటు, అంటే కింద పరిచే మందపాటి నేలగుడ్డ మీద ఒక మూల ఇటుకల ఆకారంలో రెండు మచ్చలు. అక్కడ ప్లాస్టిక్ వేడికి మెరుపు పోయి గట్టిపడింది. అన్నిటికంటే విచిత్రం, తలుపు పక్కన గోడ, నేల కలిసే అతుకు వెంబడి రెండు మూరల పొడవున కోసి, మళ్లీ కుట్టారు. చేతికుట్టే. కానీ మిషన్ కుట్టుకు దగ్గరగా ఉంది. అదే రంగు దారం వెతికి తెచ్చారు. అక్కడ చెయ్యి పెట్టి పాకకపోతే నాకూ తెలిసేది కాదు.

ఏదో దాచినవాళ్లే అంత జాగ్రత్తగా కుడతారు అనుకున్నాను.

ఆ కొండల వైపు నుంచి గంజాయి వస్తుందని పేపర్లలో చదువుతూనే ఉంటాం. నా బుర్ర లెక్క కట్టేసింది. అగరుబత్తి వాసన దేన్ని కప్పడానికి? వెంట్లు మూసింది ఏ వాసన బయటికి పోకుండా? ఇటుకల మచ్చలు, వేడి చేసి పొట్లాలు అతికిన చోటు. కోత, ఆ పొట్లాలు మడతల్లో దూర్చడానికి. మూడు వారాల పాటు ఆ టెంటును ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టాను. యాదగిరిని మాత్రం ఒక్క మాట అడగలేదు. అడిగితే జాగ్రత్త పడతాడని నా తెలివి.

సంక్రాంతి సెలవులు అయిపోయాక ఒక సోమవారం మళ్లీ వచ్చాడు.

"ఈ శనివారం నాలుగు కుటుంబాలొస్తున్నయి మేడం. పిల్లలు గూడ ఉన్నరు. పెద్దది, ఇంక రెండు టెంట్లు గావాలె."

పిల్లలను పెట్టుకుని వెళ్తే దారిలో ఎవరూ ఆపి చూడరని ఇతని ఎత్తు అనుకున్నాను. రేపు చెప్తానన్నాను. అతను సందు దాటగానే మా ఆయనకు చెప్పాను. ఆయన కుట్టు వైపు చాలాసేపు చూసి, "అడిగి చూడరాదా?" అన్నారు. నేను వినలేదు. మా వాళ్లలో మరిది వరసయ్యే హెడ్ కానిస్టేబుల్ ఒకడున్నాడు. ఫోన్ చేశాను.

"వదినా, బండి నంబరు, బయల్దేరే టైము చెప్పండి. మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు.

నంబరు నా ముందే కాగితంలో ఉంది. నోటిదాకా వచ్చి, ఒక్కరోజు ఆగుదామనిపించింది. మంచితనం వల్ల కాదు. తప్పు మనిషిని పట్టిస్తే నా పరువు పోతుందని. ఇల్లు చూసొస్తే ఇంకో ఆధారం దొరుకుతుందని.

మర్నాడు పదకొండింటికి సంతకం కావాలన్న సాకుతో మెట్రోలో ఎల్‌బీ నగర్ వెళ్లాను. స్టేషన్ దిగి, బస్సుల కోసం నిలబడ్డ జనాన్ని దాటుకుని, కాలనీ వెనక సందులో ఇల్లు పట్టుకున్నాను. రెండు గదుల కిరాయి ఇల్లు, ముందు కొద్దిగా ఖాళీ జాగా. యాదగిరి బండి సర్వీసింగుకు పోయాడట. సైదమ్మ తలుపు తీసింది. సన్నటి మనిషి, నుదుటికి తువ్వాలు బిగించి కట్టుకుంది. నేనెవరో చెప్పగానే ఆమె ముఖంలో రంగు మారింది.

"టెంట్ల మేడమా? కూసోండ్రి. చాయ్ పెడత."

కూర్చున్నాక ఆ ఖాళీ జాగాలో గోడవారగా కనిపించాయి, కొత్త ఇనప కుంపట్లు. మూడు. పక్కన బొగ్గుల బస్తా, ఇటుకలు. మూడు టెంట్లు, మూడు కుంపట్లు. నేను వాటినే చూస్తుంటే సైదమ్మ అంది:

"పోయినసారి ఒక్కటే ఉండె. ఈసారి పిల్లలొస్తున్నరని టెంటుకొకటి తెచ్చిండు. చలికి పిల్లలు ఆగరు గదా."

"లోపల పెడతారా?"

"ఇటుకల మీద పెడతం మేడం, గుడ్డ కాలకుండ."

"తలకేమైందమ్మా?" అన్నాను.

"గప్పటిసంది నొస్తనే ఉంది. బీపీ అంటున్నరు."

"ఎప్పటినుంచి?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. చెప్పాలా వద్దా అని తేల్చుకోలేకపోయింది. చివరికి కింద కూర్చుంది.

ఆ రెండో ట్రిప్పులో వచ్చినవాళ్లు చలికి తట్టుకోలేక దగ్గర్లో గదులు తీసుకున్నారు. గుడారం ఖాళీగా ఉండటంతో సైదమ్మ అందులో పడుకుంది. యాదగిరి ఎప్పటిలాగే బండి కాపలాకు బండిలో పడుకున్నాడు. వెంట్లకు టేపు అతనే వేశాడు. వంటయ్యాక మిగిలిన నిప్పుల కుంపటిని ఆమె లోపల పెట్టుకుని, దుప్పటి కప్పుకుని, తలుపు జిప్పు కిందిదాకా లాగేసింది. తెల్లారి చాయ్ కోసం అతను పిలిస్తే పలకలేదు. జిప్పులో దుప్పటి అంచు చిక్కుకుని తలుపు తెరుచుకోలేదు. కూరగాయల కత్తితో అతుకు వెంబడి కోసి, కాళ్లు పట్టి బయటికి లాగాడు.

"బయట గాలికి జరసేపటికి కండ్లు తెరిచిన్నట. నాకేం యాదిలేదు. లోపల వాంతులు చేసుకున్న మేడం, మస్తు. సిగ్గైంది. గా గుడారంల మళ్ల వేరేటోళ్లు పండుకోవాలె గదా. మూడుసార్లు కడిగి, అగరొత్తులు ముట్టిచ్చిన. కోసింది నేనే కుట్టిన. మీకు కానొచ్చిందా?"

"కనిపించింది" అన్నాను.

మూడు వారాలుగా నేను గంజాయి అనుకున్నది ఈమె వాంతి వాసన. పొట్లాలు దూర్చిన కోత అనుకున్నది ఈమె ప్రాణాలతో బయటపడిన దారి.

మూసిన చోట బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లను నిద్రలోనే తీసుకుపోతుంది. గుడ్డ ఎంత మంచిదైతే, లోపలికి గాలి ఎంత రాకుండా ఆపితే, అంత తొందరగా. మా పనిలో ఉన్నవాళ్లకు ఇది మొదటి పాఠం. అదంతా తెలిసిన నేను ఇటుకల మచ్చలు చూసి కూడా కుంపటిని ఊహించలేదు. ముందే దొంగను ఊహించుకున్నాను కాబట్టి.

యాదగిరి వచ్చాడు. నన్ను చూడగానే గుమ్మంలో ఆగిపోయాడు.

"కోసినందుకు ఒచ్చిన్రా మేడం? చెప్దామనే అనుకున్న. మళ్ల మీరు టెంటియ్యరేమోనని…"

"కోత సంగతి పక్కన పెట్టండి. ఆ కుంపట్లు టెంట్లో పెట్టకూడదు యాదగిరి గారూ. మీ ఆవిడకు వచ్చింది బీపీ కాదు. బొగ్గుల గాలి."

అతను నమ్మలేదు. "బొగ్గులకు పొగ రాదు గదా మేడం. పొగుంటే నేనే పెట్టనియ్యను."

"పొగ ఉంటే దగ్గొచ్చి లేస్తారు. ఇది లేవనివ్వదు."

అతను నా వైపు చూసిన చూపు నాకు బాగా తెలుసు. మూడు వారాలుగా నేను అతని గురించి ఆలోచించినప్పుడు నా ముఖంలోనూ అదే ఉండి ఉంటుంది.

"ఒక్క మాట అడుగుత, ఏమనుకోకండ్రి. మీ దుకాణంల లోపల దూరి పండుకునే చలి సంచులు కిరాయికిస్తరు గదా. గవి తీస్కోవాల్నని గిట్ల చెప్తున్నరా?"

నాకు కోపం రాలేదు. కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. నేను నోరు తెరిచేలోపే సైదమ్మ అందుకుంది.

"మొదటిసారి పోయినప్పుడు గూడ కుంపటి లోపలనే పెట్టినం. తెల్లారి గా సైదాబాద్ సారు, వాళ్ల మేడం… ఇద్దరు తలకాయ నొస్తున్నదని కూసున్నరు, యాదికుందా? బయట ఎండకు కూసుంటే గంటలో తక్కువైంది."

"సారు రాత్రి తాగిండు, గందుకని…"

"సారు తాగిండు. మేడం తాగిందా?"

యాదగిరి కుంపట్ల వైపు చూశాడు. తర్వాత భార్య వైపు. మెల్లగా గుమ్మంలోనే కూలబడ్డాడు.

"టేపు నేనే ఏసిన" అన్నాడు. "చలి పెడతదని నేనే ఏసిన సైదా."

ఆమె లేచి అతనికి నీళ్లు తెచ్చిచ్చింది. అక్కడ నేను పరాయిదాన్ని. అయినా అప్పుడే చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేనని, ఫోన్ సంగతి, గంజాయి సంగతి, బండి నంబరు సంగతి మొత్తం చెప్పేశాను. అతను నీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"అడగాల్సిండె మేడం. ఒక్కపారి అడిగితే చెప్తుంటి."

ఆ మధ్యాహ్నమే ముగ్గురం ఆటోలో దవాఖానకు వెళ్లాం. అంతకుముందు వెళ్లినప్పుడు కళ్లు తిరిగి పడిపోయిందని మాత్రమే చెప్పారట. ఈసారి బొగ్గుల మాట వినగానే డాక్టరు రాయడం ఆపి, మొదటినుంచీ అన్నీ అడిగారు. ఇన్ని రోజులకు రక్తంలో ఏమీ కనబడదుగానీ, జరిగింది అదేనని, ఇంకొంతసేపయితే లేచేది కాదని చెప్పారు. తలనొప్పికి మందులు రాసి, నరాల డాక్టరుకు చూపించమన్నారు. పూర్తిగా తగ్గడానికి వేసవి దాకా పట్టింది.

మరిదికి ఫోన్ చేసి నాదే పొరపాటని చెప్పాను. నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ నంబరు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో చాలాసార్లు ఆలోచించాను. దారిలో బండి ఆపి, అంతా వెతికి, ఏమీ దొరక్క వదిలేసేవాళ్లు. బొగ్గుల బస్తా, మూడు కుంపట్లు వాళ్లకు వంటసామానే. టెంట్లు లేవని నేను తిప్పి పంపినా అతను ఇంకోచోట తెచ్చుకునేవాడు. ఏ దారిలో చూసినా ఆ పిల్లలు మూసిన గుడారాల్లో నిప్పుల పక్కన పడుకునేవాళ్లు.

శనివారం యాదగిరి మూడు టెంట్లూ పట్టుకెళ్లాడు. వెంట్లు తెరిచే ఉంచాలి. చలి పైనుంచి కంటే నేలనుంచి ఎక్కువ లాగుతుంది కాబట్టి కింద మందపాటి ఫోమ్ చాపలు, వాటి మీద చలి సంచులు, దుప్పట్లు. పడుకునే ముందు వేడినీళ్ల సీసాలు కాళ్ల దగ్గర. తెల్లవారుజామున చలికి గొట్టాల్లో గాలి కుంచించుకుని గుడారం కాస్త వాలుతుంది, భయపడొద్దు, రెండు పంపులు కొడితే చాలు. ఇవన్నీ అతనితో రెండుసార్లు చెప్పించుకున్నాను. చాపలు, సంచులు కిరాయి లేకుండా ఇచ్చాను. అతని అనుమానం తీరాలని కొంత, నా మనసు తేలికపడాలని కొంత.

ఆదివారం పొద్దున ఆరున్నరకు ఫోన్ మోగింది. వెనకాల పిల్లల అరుపులు, గిన్నెల చప్పుడు.

"అందరు లేచిన్రు మేడం" అన్నాడు యాదగిరి. అంతే చెప్పి పెట్టేశాడు.

ఇప్పుడు ఎవరు టెంటు తీసుకున్నా, ముందు వెంటు చూపించి, అది ఎందుకుందో చెప్పాకే బ్యాగు ఇస్తాను. కొందరు విసుక్కుంటారు. అనుమానం మానుకున్నానని చెప్పలేను. మానుకుంటే ఈ పని చేయలేను. తేడా ఒక్కటే. వస్తువు మీద ఏదైనా మచ్చ కనిపిస్తే, వీళ్లేం చేశారు అని కాకుండా, వీళ్లకేం జరిగింది అని మొదట అడుగుతున్నాను. జవాబు నా ఊహలో వెతక్కుండా ఆ మనిషినే అడుగుతున్నాను. అబద్ధం చెప్పేవాళ్లు చెప్తూనే ఉంటారు. వాళ్ల వల్ల నాకు ఒక టెంటు పాడవుతుంది, అంతే. అడగకపోవడం వల్ల ఏం పోయేదో నాకు తెలుసు.