మా అత్త హస్తవాసి

మా అత్త పోయింది. పోయిన మంగళవారం పొద్దున్నే కాఫీ అడిగి, నేను తెచ్చేలోపే కన్నుమూసింది. నెల్లూరు జిల్లా కోట చుట్టుపక్కల ఊళ్లలో మెడ పట్టేసినా, నడుం పట్టేసినా ముందు ఆమే గుర్తొచ్చేది. అందరికీ ఆమె చెంబవ్వ. నాకు అత్త, నా భర్తను కన్నతల్లి.

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజుల్లో నాకు రెండో కాన్పు అయింది. పురిటి మంచం దిగబోతే నడుం లేవలేదు. ఎవరైనా ఒళ్లో పెడితే తప్ప బిడ్డను ఎత్తుకోలేను. కషాయాలూ, మాత్రలూ అయిపోయాయి. ఒకరోజు మా మామగారి అక్క వచ్చి, నాకు వినపడేలాగే అంది:

"పుట్టింటికి పంపించెయ్యే. నాట్లకు వంగలేని కోడలు మనకెందుకు?"

బియ్యం చెరుగుతున్న మా అత్త తల ఎత్తలేదు.

"ఈ ఇంటికి నీళ్లు మోసే గదా వదినా, దాని నడుం పోయింది. ఈడ పోయింది ఈడే రావాల. యాడికీ పంపను."

ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. గోరువెచ్చటి ఆముదంతో వెన్ను పక్కన బొటనవేళ్లు జరుపుతూ నొప్పి ఎక్కడుందో వెతికేది. అక్కడ చిన్న చెంబులో గుడ్డపీలిక వెలిగించి, గబుక్కున బోర్లించేది. మంట ఆరిపోయి, చెంబు చర్మాన్ని లాక్కుని పట్టుకునేది. తీశాక గుండ్రంగా కందిన మచ్చ మిగిలేది. కండ మెల్లగా వదులయ్యేది. ఆ తర్వాత నా కాళ్లు పట్టేది. నేను సిగ్గుతో కుంచించుకుపోయేదాన్ని.

"అత్తా, నువ్వు నా కాళ్లు పట్టడమేంది? చూసినోళ్లు ఏమనుకుంటారు?"

"నొప్పికి అత్తేందో కోడలేందో తెలుసా? కదలబాక."

కొన్నాళ్లు ఏ గుణమూ కనిపించలేదు. నేను ఏడిస్తే, "నొప్పిని తరిమితే పోదు, బుజ్జగించాల" అనేది. అన్నీ తన వల్ల అవుతాయనీ అనుకునేది కాదు. జ్వరంతోనో, వాపుతోనో వచ్చినవాళ్లను తాకకుండానే నెల్లూరు ఆసుపత్రికి పొమ్మనేది.

కోతల నాటికి పిల్లను చంకనేసుకుని, పొలానికి అన్నం తీసుకుపోయాను. గట్టు మీద నన్ను చూసి మా అత్త కొడవలి పక్కన పెట్టి దగ్గరికొచ్చింది. "పిల్ల తలకు గుడ్డన్నా కప్పలేదేమే, ఎండ గదా" అని, కొంగుతో కళ్లు తుడుచుకుంది. ముసురు పట్టిన రోజుల్లో ఆ నొప్పి ఇప్పటికీ పలకరిస్తుంది. అయినా ఈ ఇంట్లో నేను నిలబడ్డానంటే ఆమె చేతుల వల్లే.

అత్త పోయిన రోజు, అందరూ ఏడ్చి అలిసిపోయాక, నేనెప్పుడూ చూడని ఒక ముసలమ్మ బస్సు దిగి వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. మా అత్త పాదాల దగ్గర చతికిలబడి, అరికాళ్లను బొటనవేళ్లతో మెల్లగా ఒత్తసాగింది. పాడె సిద్ధమైంది. ఆమెను లేవమని చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు.