టీవీలో గౌరమ్మ

కొత్త గేమ్ పెట్టె విప్పగానే థర్మాకోల్, ప్లాస్టిక్ కలిసిన ఒక వాసన వస్తుంది. గేములకు బొమ్మలు గీయడమే నా ఉద్యోగం కాబట్టి మా ఆఫీసులో ఆ వాసన తరచూ తగులుతూనే ఉంటుంది. మావాళ్ళు ముందు బొమ్మ చూడరు, అట్ట మీది అంకెలు చదువుతారు, సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఎన్ని లక్షల చుక్కలు అని. నాకు నవ్వొస్తుంది. ఆ వాసనకు నేను అప్పటికే గోదావరిఖనిలోని మా రెండు గదుల క్వార్టర్‌కు, దసరా సెలవులకు వెళ్ళిపోయి ఉంటాను.

వానలు తెరిపిచ్చి ఎండ మెత్తబడే ఆ రోజుల్లో, కాలనీ దాటాక ఉన్న చేల గట్ల మీద గునుగు తెల్లగా విరగబూసేది. మా అవ్వ, అంటే నాయనమ్మ, ఒడినిండా కోసుకొచ్చి, మీద పడిన బొగ్గు నుసి పోయేదాకా రెండు నీళ్ళలో కడిగి, కాడలు సమంగా కోసి, గులాబీ రంగు నీళ్ళలో ముంచి ఆరబెట్టేది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగితే వంటింట్లో గిన్నెలు గలగలలాడేవి, గిన్నెలోని రంగు నీళ్ళు వణికేవి. ఫస్టు షిఫ్టు దిగి వచ్చిన నాయన స్నానం చేసి పడుకునేవాడు. అమ్మ నువ్వులు వేయిస్తుంటే, రొట్టె నలిపి బెల్లంతో మలీద ముద్దలు కడుతుంటే, ఇల్లంతా కమ్ముకునే ఆ కమ్మటి వాసనకు మేం వంటింటి గడప వదిలేవాళ్ళం కాదు.

బతుకమ్మ పేర్చడంలో మా క్వార్టర్ల వరసలో అవ్వను మించినవాళ్ళు లేరు. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు, గునుగు వరసలు తిప్పుకుంటూ పోయి, పైన పసుపు గౌరమ్మను నిలిపేది. ఆ తర్వాత పది అడుగులు వెనక్కి నడిచి, కళ్ళు సగం మూసి చూసేది. పక్క క్వార్టరామె నడుమెత్తు పేర్చి చూపిస్తే, "పెద్దగనే ఉన్నది గని, కన్ను నిలుస్తలేదు బిడ్డా" అని మొహం మీదే చెప్పేది. అంత న్యాయం తెలిసిన మనిషికి ఒకటే లోపం. మా మేనత్త కొడుకు రవి బావ పెద్దపల్లి నుంచి వస్తే చాలు, మొదటి మలీద ముద్ద వాడికే, మంచం వాడికే, మాట వాడిదే. నేను ఎంత ఏడ్చినా "వాడు మగపిలగాడే" అనేది. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

ఆ ఏడు వాడు డిస్కులు వేసే కొత్త గేమ్ తెచ్చాడు. నాది మందమర్రి బజారులో నాయన కొనిచ్చిన పాత క్యాసెట్ల సెట్టు. టీవీ ఒక్కటే. రెండిట్లో ఏది బాగుంటే వాళ్ళకు బతుకమ్మ తొమ్మిది రోజులూ టీవీ అని పందెం వేసుకున్నాం.

"నాది ముప్పై రెండు బిట్లు. నీది ఎనిమిదే. ఇంకేం సూస్తవే?" అన్నాడు బావ.

లెక్కలో నేను ఓడిపోయినట్టే. న్యాయం అవ్వ చెప్పాలని వాడే అన్నాడు, తన మనిషే కదా అన్న ధీమాతో.

బావ ఆట పెట్టాడు. కోట, పొగ, మంట, వందమంది సిపాయిలు, అన్నీ ధగధగా మెరుస్తున్నాయి. నిజం చెప్పొద్దూ, నేనే నోరు తెరిచాను. అవ్వ గులాబీ చేతులు కొంగుకు తుడుచుకుని, గడప దాకా వెనక్కి నడిచి, కళ్ళు సగం మూసింది.

"మంచిగనే ఉన్నది కొడుకా. గౌరమ్మ ఏది?"

"అవ్వా, ఇది బతుకమ్మ గాదు!"

"ఏదైతేంది? కన్ను యాడ నిలవాలె అంటున్న."

బావ తన సిపాయిని చూపించబోయాడు. పొగలో ఆ సిపాయి ఎక్కడున్నాడో బావకే దొరకలేదు. వేలు తెర మీద అటూ ఇటూ తిరిగి ఆగిపోయింది.

నా ఆట పెట్టాను. ముదురు నీలం కొండలు, వాటి మీద ఒక పసుపుపచ్చ పిట్ట. అంతే.

"గదిగో!" అంది అవ్వ, నేను నోరు విప్పకముందే.

"నాలుగు రంగులే ఉన్నయి దాంట్ల!" బావ గొంతు అప్పటికే ఏడుపులోకి దిగింది.

"నా తాంబాళంల ఎన్నున్నయిరా? టీవీ పిల్లకియ్యి."

నేను ఎగిరిన ఎగురుకు నిద్రలో ఉన్న నాయన లేచి కూర్చున్నాడు. తొమ్మిది రోజులూ టీవీ నాదే. బావకు జాలిపడి రోజుకు ఒక్క ఆట ఇచ్చాను, అదీ వాడు బతిమాలితేనే.

ఆ క్వార్టర్ల వరస ఇప్పుడు లేదు. ఓపెన్‌కాస్టు పెరిగి ఆ జాగాను తినేసింది, గునుగు పూసిన గట్లూ పోయాయి. అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. బావ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు, "ముసలామెకు కండ్లు కనవడలే" అంటాడు. చివరిదాకా సూదిలో దారం తనే ఎక్కించుకున్న మనిషి ఆమె! ఆఫీసులో ఎంత పెద్దవాళ్ళు అంకెలు చూపించి నా బొమ్మను తోసిపుచ్చాలని చూసినా నేను బెదరను. మగపిలగాడు ఎదురుగా ఉండగా మా అవ్వ చేతే గెలిపించుకున్నదాన్ని, ఇక నన్ను ఓడించేదెవరు?