రాజీ విస్తరి ముందు సూదిమందు

పల్నాడులో రాజీ చెడగొట్టాలంటే కత్తులూ కర్రలూ కావాలనుకుంటారు జనం. ఉత్త అబద్ధం. ఒక్క సూది చాలు. రెండు బజార్ల మధ్య కుదిరిన రాజీని, నా మేనకోడలి పెళ్లిని ఒక్క సూదిపోటుతో గంగలో కలపబోయిన మొనగాణ్ణి నేనే. నవ్వుకోండి. మీరు నవ్వకపోయినా మా ఊరు ఎటూ నవ్వుతానే ఉంది.

గురజాలలో నాకు పురుగుమందుల కొట్టుంది. వచ్చిన రైతునల్లా తిట్టందే నాకు పొద్దు గడవదు. "పక్క చేనోడు కొట్టాడని నువ్వూ కొడతావేందిరా? నీ చేలో ఏం పురుగుందో చూశావా? డోసు పెంచితే పురుగు కంటే ముందు మొక్క చచ్చుద్ది!" చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా!

గురజాల పక్కన మా ఊళ్లో మాది తూర్పు బజారు. పడమటి బజారోళ్లకీ మాకూ కాలవ నీళ్ల వంతు దగ్గర మా నాయనల కాలంలో గొడవైంది. అప్పట్నుంచీ ఒకళ్లింట్లో ఒకళ్లం మంచినీళ్లు కూడా ముట్టం. పురుగుమందులు మాత్రం వాళ్లు నా కొట్లోనే కొంటారు. పగ ఊళ్లో, వ్యాపారం గురజాలలో. అట్టాంటి ఇంటి కుర్రాడు కిరణూ, మా అక్క కూతురు లావణ్యా నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదువుతా ఒకళ్లనొకళ్లు ఇష్టపడ్డారు.

ఏడ్చి, అలిగి, బతిమాలి ఆ పిల్ల అందర్నీ దారికి తెచ్చింది. ఆఖర్న కిరణ్ తాత అంజయ్య పెదనాయన ఒక్కటే షరతు పెట్టాడు. "కాయితాలు, సంతకాలు నాకొద్దు. పిల్ల మేనమామ మా ఇంట్లో విస్తరి ముందు కూర్చుని కడుపునిండా తినాల. అప్పుడే రాజీ, అప్పుడే పెళ్లి." మా వైపు పద్ధతే అంత. ఎదుటోడి అన్నం తిన్నాక వాడి మీద చెయ్యి లేవదు.

"మామయ్యా, తినడమేగా! నీకంటే గట్టోడు ఎవరున్నారు?" అని లావణ్య ఎగిరి గంతేసింది.

అదిగో, సరిగ్గా అప్పుడే కిరణ్ బాబాయి శీనుగాడు నా పొట్ట వంక చూసి పళ్లికిలించాడు. "మేనమామ ఒక్కడొస్తే ఇద్దరొచ్చినట్టే. విస్తర్లు రెండెయ్యాల!" అందరూ పడీపడీ నవ్వారు. మావాళ్లు కూడానండీ! అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. భోజనాల నాటికి వీడు నోరెళ్లబెట్టేట్టు సన్నబడకపోతే నా పేరు కోటేశ్వరరావే కాదనుకున్నా.

పొద్దున్నే నాలుగడుగులు వెయ్యొచ్చు. రాత్రి పూట రెండు ముద్దలు తగ్గించొచ్చు. ఛ, అట్టాంటి చేతగాని పనులు మగాడు చేస్తాడా! పేటలో నా దోస్తు ఒకడికి షుగరు. డాక్టరు వారానికోసారి పొట్టకి పొడుచుకునే సూదిమందు రాస్తే వాడు సన్నబడ్డాడు. వాడి చీటీ చూపించి నేనూ తెప్పించుకున్నా. అవునండీ, పక్క చేనోడు కొట్టాడని నేనూ కొట్టా.

నా భార్య నాగమణి ఫ్రిజ్జులో పెరుగు గిన్నె వెనకాల దాన్ని పట్టుకుంది. "ఇదేందయ్యా?"

"కొట్లోకి వచ్చిన శాంపిలే."

"పురుగుమందు తెచ్చి పెరుగు పక్కన పెట్టావా!" అని ఇల్లు పీకి పందిరేసింది. నిజం చెప్పక తప్పలేదు. చెప్పాక ఇంకా ఎక్కువ అరిచింది.

ఆకలి చచ్చింది. చొక్కా కాస్త వదులైంది. ఇంకొంచెం తగ్గుదామని, బుద్ధి గడ్డి తిని, భోజనాల ముందురోజు డోసు పెంచి పొడుచుకున్నా.

తెల్లారి పడమటి బజారుకు మా బలగమంతా పోయాం. అంజయ్య పెదనాయన ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి కూర్చోబెట్టాడు. గారెలు, నాటుకోడి పులుసు, గోంగూర మాంసం, మీద గరిటెడు నెయ్యి. ఆ వాసనకి మామూలుగా అయితే నాకు ప్రాణం లేచొచ్చేది. ఆరోజు కడుపులోవన్నీ లేచొచ్చినయ్. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నా. అది లోపలికి పోదు, బయటికి రాదు.

"తిను నాయనా," అన్నాడు పెదనాయన.

"చాలు పెదనాయనా."

పంక్తి మొత్తం చేతులాగిపోయినయ్. శీను గరిటె కింద పెట్టాడు. "ఏందన్నా, అన్నంలో ఏమన్నా కలిపామనుకుంటన్నావా?"

"అయ్యో, అది కాదు శీనూ..."

"మరి తినవేంది?"

గుమ్మం దగ్గర లావణ్య ముఖం పాలిపోయింది. ఆ పిల్ల కోసమన్నా మింగాలని దేవుడికి దణ్ణం పెట్టుకుని మింగా. మింగినోణ్ణి మింగినట్టే లేచి, వాకిలి దాటి, గేదెల కొట్టం దగ్గర మొత్తం కక్కేశా.

ఇక చూస్కోండి! మా తమ్ముడి కొడుకు బ్రహ్మం తువ్వాల నడుముకి బిగించి, "మా పెదనాయనకి విషం పెట్టార్రో!" అని కేకేశాడు. "ఎవరికిరా విషం పెట్టింది?" అని శీను కుర్చీ ఎత్తాడు. నేను చెయ్యి ఊపి ఆపబోతే, మాట రాక కొట్టుకుంటన్నానని అర్థం చేసుకుని బ్రహ్మం ఇంకో కుర్చీ ఎత్తాడు. పురుగుమందుల కొట్టోడికి విషం పెట్టారంట. ఊరు ఎంత తొందరగా నమ్మిందో!

"ఆగండ్రా!" నాగమణి గొంతుకి గేదెలు కూడా అదిరినయ్. "అన్నంలో ఏం లేదు! సన్నబడాలని ఈయనే డాక్టర్నడక్కుండా సూదిమందు పొడుచుకున్నాడు! నిన్న డోసు కూడా పెంచాడు!"

నేల చీలి నన్ను మింగితే బాగుండనిపించింది. నన్ను మింగాలంటే నేలకీ కష్టమేలెండి.

అంజయ్య పెదనాయన నాకు చెంబుతో నీళ్లిచ్చి, నన్ను ఎగాదిగా చూశాడు. "పోయినేడు మిరప తోటకి డోసు పెంచానని నలుగుర్లో నన్ను ఏమన్నావురా కోటేశూ?"

నేను చెంబులోకి తల దూర్చి నీళ్లు తాగా.

"చెప్పు, అందరూ వినాల."

"మందు పురుగుని చంపుద్ది గానీ పంట పండియ్యదు. పంటకి సేద్యం చెయ్యాలన్నా."

పెదనాయన నవ్వాపుకోలేక అరుగు మీద కూలబడ్డాడు. శీను చేతిలో కుర్చీ దిగింది. లావణ్య మాత్రం నవ్వలేదు. "తాతయ్యా, మరి మా పెళ్లి?" అని కళ్లు తుడుచుకుంది.

"తింటేనేగా రాజీ! ఇవాళ కాకపోతే రేపు. మీ మామ తేరుకున్నాక రోజూ పొద్దున్నే కాలవ కట్టెంట చుట్టు తిరిగి నడిచి మా ఇంటికొచ్చి, జొన్నరొట్టె తిని, నడిచే పోవాల. బండెక్కితే ఒప్పుకోను. ఎన్నాళ్లకి విస్తరి ఖాళీ చేస్తే అన్నాళ్లకి పెళ్లి."

పేటలో డాక్టరు అంతకంటే గట్టిగా తిట్టింది. "ఆ మందు తప్పు కాదు, అవసరమైనవాళ్లకి చూసి ఇస్తాం. అది వాడినా తిండీ, నడకా మార్చుకోవాల్సిందే. నీకెవరు రాశారయ్యా?" దోస్తు చీటీ అన్నా. ఆమె తిట్లకి నా కొట్లో తిట్లు ఏ మూలకి!

నడిచా. ఏ కాలవ నీళ్ల కోసం మా పెద్దలు తలలు పగలగొట్టుకున్నారో, ఆ కాలవ కట్ట మీదే రోజూ శత్రువు ఇంటికి టిఫినుకి పోయా. మొదట్లో ఆయాసం, తిట్లు, కాళ్లనొప్పులు. తర్వాత ఎదురొచ్చే శీనుగాడితో కబుర్లు. ఒకనాడు నాటుకోడి పులుసుతో విస్తరి ఊడ్చినట్టు తిని లేచా. మర్నాడే ముహూర్తం పెట్టారు. ముహూర్తం కుదిరినా నా నడక మాత్రం ఆగలేదు.

పెళ్లి పందిట్లో నేను అడుగు పెట్టగానే శీను నా వెనకాలా ముందూ చూసి, గట్టిగా అరిచాడు. "ఏందన్నా, ఒక్కడివే వచ్చావ్? రెండోవాడేడీ?"

పొట్ట ఇంకా కొంచెం ఉంది. ఉంటే ఏంది? నా పొట్ట, నా ఇష్టం. దాని మీదే చెయ్యేసి, కాలవ సాక్షిగా ప్రమాణం చేస్తన్నా: డాక్టరు చెప్పకుండా ఈ ఒంట్లోకి సూది దిగదు, కాళ్లు ఆడినంత కాలం ఈ నడక ఆగదు, పడమటి బజారు విస్తరి ముందు ఈ నోటెంట "చాలు" అన్న మాట రాదు!