శుక్రవారం మధ్యాహ్నపు రొట్టె

మా ప్రసన్నకుమారి అత్త కోయిలకుంట్లలో జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ఆమె పిండి తట్టే చప్పుడుకు నాకు మధ్యాహ్నం నిద్ర ముంచుకొస్తుంది. అలా సగం నిద్రలోనే మొదటిసారి చూశాను. అత్త గోడవైపు తిరిగి, నిలబడి తింటోంది. ఆకలైన మనిషి అలా తినదు. ఎవరో తరుముతున్నట్టు, నమలకుండా, రొట్టె వెనక రొట్టె. కళ్లు మాత్రం కలలో నడిచేవాళ్ల కళ్లలా ఎక్కడో ఉన్నాయి. తర్వాత నొప్పితో పొట్ట పట్టుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

చిన్నప్పటి కరువు, లావంటూ మామ ఎత్తిపొడుపులు, ఆయన పోయాక ఇంట్లో మిగిలిన నిశ్శబ్దం... ఏది మూలమో ఆమెకే తెలియదు.

ఒకరోజు అత్త మా పాస్టరమ్మ రాహేలమ్మతో చెప్పుకుంది. మా చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఏ కష్టానికైనా అదే మందు.

"తిండి మీద ఆశ శానా చెడ్డది ప్రసన్నా. బుధవారం గూడా ఉపాసముండు, పోతాది."

అత్త ఉండింది. ఉపవాసమున్న సాయంత్రాలే అమ్మాల్సిన రొట్టెల గంపను తనే ఖాళీ చేసేది. "దేవుడు నన్నిడిసిపెట్టినాడు పాపా," అనేది.

నేనే బతిమాలి కర్నూలులో మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె అంతా విని, "ఇది పాపం కాదమ్మా, అతిగా తినే జబ్బు. కడుపు మాడ్చేకొద్దీ పెరుగుతుంది. వేళకు, కూర్చుని, నలుగురితో తినండి. దిగులు కమ్మినప్పుడు ఏం చేయాలో మీరొచ్చినప్పుడల్లా మాట్లాడుకుందాం," అంది.

"శుక్రవారం గూడానా?" అత్త అడిగింది.

"శుక్రవారం కూడా."

తిరుగు బస్సు కిటికీలో కొండలు ఎండలో కరిగిపోతున్నాయి.

ఆ శుక్రవారం అత్త ప్రార్థన మధ్యలో లేచి, చర్చి వరండాలో మూట విప్పింది. రొట్టె, శనక్కాయల పొడి. చేయి నోటిదాకా పోవడం లేదు. రాహేలమ్మ బయటికొచ్చింది.

"ఏంది ప్రసన్నా, ఉపాసం నాడు?"

"ఇదే నాకు మందు పాస్టరమ్మా. ఇప్పుడు తినకుంటే సాయంత్రం నేను నేనుగా ఉండను. డాక్టరమ్మ చెప్పింది."

 రాహేలమ్మ పక్కన కూలబడింది.

"నా మాట ఇని కడుపు మాడ్చుకుంటివే పిచ్చిదానా! నిదానంగా తిను. నేనీడనే కూచ్చుంటా. నాకు మాత్రం పెట్టొద్దు, నాది ఉపాసం."

అత్త నవ్వింది. నవ్వుతూనే తుంచి, నమిలింది. లోపల పాట సాగుతూనే ఉంది.

ఇప్పటికీ కొన్ని సాయంత్రాలు ఆమె కళ్లు దూరంగా వెళ్లిపోతాయి. అప్పుడు గంప మూసి, రాహేలమ్మ ఇంటివైపు నడుస్తుంది.