ఉదయగిరిలో వానొచ్చింది కరుణా

నిన్న పొద్దున అసెంబ్లీకి పిల్లల్ని లైన్లో నిలబెడుతుంటే కరుణ వాళ్ల తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, కరుణక్క చనిపోయింది" అన్నాడు.

విజిల్ నోటి దాకా వచ్చి ఆగిపోయింది. నేను ఊదలేదు. పిల్లలు అలాగే నిలబడి నా వైపే చూస్తున్నారు.

ఉత్త జ్వరమే కదా అనుకున్నాం. మొన్న సాయంత్రం కూడా హాస్పిటల్ బెడ్ మీద నుంచి మెసేజ్ పెట్టింది.
"ఉదయగిరిలో వానొచ్చిందా?"

"రాలేదు. నోరు మూసుకుని రెస్ట్ తీసుకో మహాతల్లీ" అని తిట్టాను.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. కరుణ ఆర్కిటెక్ట్. ఆత్మకూరులో నా క్లాస్‌మేట్. ఖోఖోలో నా వీపు మీద తను కొట్టిన దెబ్బలకు లెక్కలేదు. ఇప్పుడు ఉదయగిరిలో నేను పీఈటీగా ఉన్న స్కూల్ గ్రౌండ్‌కి డిజైన్ చేసింది తనే.

మేనేజ్‌మెంట్ వాళ్లు సింథటిక్ ట్రాక్ కావాలన్నారు.
"మే నెల మధ్యాహ్నం ఆ రబ్బరు మీద మీరొక రౌండ్ కొట్టండి సార్, చూస్తాం" అంది మొహం మీదే. ఎర్రమట్టి ట్రాక్ ఖాయమైంది.

గ్రౌండ్ గీయమంటే ముందు ఆడపిల్లల టాయిలెట్లు, బట్టలు మార్చుకునే గది గీసుకొచ్చింది.
"ఇదేందిమే, ట్రాక్ యాడుండాది?" అన్నాను.
"మనం టెన్త్‌లో ఆట ఎందుకు మానేసినామో మర్చిపోయినావా?"

మర్చిపోలేదు.

ఒకరోజు బాగా మబ్బు పట్టింది. స్పోర్ట్స్ డేకి నేను దాచుకున్న ముగ్గుపిండి బస్తా లాక్కెళ్లి, గ్రౌండంతా అడ్డంగా గీతలు పోసింది ఈ మనిషి. వాన మొదలైంది. మేమంతా వరండాలోకి పరిగెత్తాం. తను మాత్రం నడి గ్రౌండ్‌లో తడుస్తూ నిలబడింది.

నాకు ఒళ్లు మండింది. "పిచ్చా ఏందిమే నీకు? బస్తా మొత్తం నాశనం చేసినావే!"

"అరవబాక. నీళ్లు యాడికి పోవాలనుకుంటా ఉండాయో చూడు."

వాన వెలిశాక చూస్తే తెల్లటి చారలన్నీ మూలనున్న ఎండిపోయిన బావి వైపే సాగి ఉన్నాయి. డిజైన్ అక్కడ మొదలైంది. ట్రాక్ లోపలికి కొంచెం వాలు, పక్కన కాలువ, చివర గులకరాళ్లు, ఇసుక, ఆ తర్వాత బావి. మలుపులో వేపచెట్లు అడ్డమొస్తే ట్రాక్‌నే పక్కకు జరిపింది.

అంతకు ముందు మేం చేసిన ఘనకార్యం ఏమిటంటే, గోడకు కన్నం పెట్టి వాన నీళ్లన్నీ రోడ్డు మీదికి వదలడం.
"వాన లేదని ఏడ్చేది మనమే, వచ్చినదాన్ని తరిమేది మనమే" అని తిట్టి, ఆ కన్నం దగ్గరుండి మూయించింది.

ఈ ఎండాకాలమే పని పూర్తయింది. తొలి వానకే ట్రాక్ కొట్టుకుపోతుందని చాలామంది నవ్వారు. గోడ కన్నం మళ్లీ తెరవాలని స్కూల్ కమిటీలో పట్టుబట్టారు.

"ఒక్క వాన చూడండి సార్. నాది తప్పైతే నేనే వచ్చి ఆ కన్నం కొట్టిస్తా" అంది కరుణ.

అందుకే ప్రతి సాయంత్రం నాకు అదే మెసేజ్.

ఈరోజు ఆత్మకూరులో తనని మట్టిలో పెట్టి వచ్చాం. చర్చి వాళ్లు పాట పాడుతుంటే పడమటి వైపు ఉరిమింది. నేను బస్సు దిగేసరికి ఉదయగిరి రోడ్లన్నీ తడిసి ఉన్నాయి.

ఇంటికి పోలేదు. నేరుగా గ్రౌండ్‌కి వెళ్లాను.

ట్రాక్ మీద ఎక్కడా నీళ్లు నిలబడలేదు. ఒక్క గండి పడలేదు. చెప్పులు విప్పి వేపచెట్ల దాకా నడిచాను, కాలు దిగబడలేదు. బావిలోకి నీళ్లు దూకుతున్న చప్పుడు గేటు దాకా వినిపిస్తోంది.

అక్కడే కూలబడి ఏడ్చాను.

వీడియో తీసి, అలవాటుగా నీ చాట్ తెరిచాను. నీ ప్రశ్న అలాగే ఉంది. కింద నా తిట్టు. వీడియో పంపాను.

ఒక్క టిక్కే పడింది.

అందుకే ఆ వీడియో ఇక్కడ పోస్ట్ చేస్తున్నా. అందరూ చూడండి. కమిటీ వాళ్లు కూడా.

వానొచ్చింది కరుణా. కన్నం కొట్టించే పని లేదు.
నీ ప్రభువు దగ్గర నెమ్మదిగా పడుకోమే.